కాశీకి వెళ్ళిన రెగ్యులేటర్

నేను ఒక గ్యాస్ రెగ్యులేటర్‌ని. నవ్వకండి. పాత నాణేలూ, కత్తులూ, వీణలూ తమ కథ చెప్పుకుంటే కళ్ళు తుడుచుకుంటూ వింటారు కదా. పొద్దున్నే కాఫీ కంటే ముందు మీ చెయ్యి పడేది నా మీదే. పైగా నేను కాశీ చూసినదాన్ని. మీ వంటింట్లో గ్యాస్ బండకి తగిలించి ఉన్న మావాళ్ళలో ఎంతమంది ఆ మాట అనగలరో అడిగి చూడండి.

నా పుట్టిల్లు ఒక ఫ్యాక్టరీ. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, లోపల ఒక స్ప్రింగూ, ఒక రబ్బరు పొరా అమర్చి, నెత్తిన నల్లటి మీట బిగించారు. చివర్లో ఒకాయన నన్ను నీళ్ళ తొట్టిలో ముంచి, లోపలికి గాలి పంపి, బుడగ వస్తుందేమోనని కళ్ళద్దాలు సవరించుకుని చూశాడు. రాలేదు. "బాగుంది" అని పక్కన పెట్టేశాడు. ఒక్క మునక, ఒక్క చూపు, అంతే. ఆయన నమ్మిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత నేను వెళ్ళి పడిన ఇంట్లో, ఇల్లాలు ఇరవై ఒక్క ఏళ్ళు రోజూ చూసి కూడా నన్ను నమ్మలేదు.

ఆవిడ పేరు మంగతాయారు. రామచంద్రపురంలో టైలరు గవర్రాజు గారి భార్య. ఇంట్లో ఆవిడా, ఆయనా, ఆయన తల్లి సూరమ్మ గారూ. నేను వెళ్ళిన రోజున మంగతాయారు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నెత్తిన ఒక మందారపువ్వు కూడా ఉంచింది. అప్పటిదాకా కిరసనాయిలు స్టవ్వుతో కుస్తీ పట్టిన మనిషి. నన్నొకసారి తిప్పి అగ్గిపుల్ల గీస్తే నీలం మంట వచ్చింది. "అత్తయ్యా, చూడండి, పొగే లేదు!" అని చిన్నపిల్లలా కేక పెట్టింది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి మాట అది.

ఆ పొగే లేదన్న వంటింట్లోంచి ఏడాది తిరక్కుండా నల్లటి పొగ వచ్చింది. తప్పు నాది కాదు, ముందే చెబుతున్నాను. పొయ్యి మీద కందిపప్పు పెట్టి, వీధి కుళాయికి నీళ్ళొచ్చాయని మంగతాయారు బిందె పట్టుకుని పరిగెత్తింది. అక్కడ వంతు దగ్గర ఎవరితోనో మాటామాటా పెరిగింది. గెలిచి, నిండు బిందెతో ఇంటికొచ్చేసరికి కిటికీలోంచి పొగ సుళ్ళు తిరుగుతోంది. పక్క గదిలో సూరమ్మ గారు మోకాళ్ళ నొప్పులకి మాత్ర వేసుకుని పడుకుని ఉన్నారు. బిందె గుమ్మంలోనే జారిపోయింది. మంగతాయారు ఏడుస్తూ ఆవిణ్ణి రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చింది. సూరమ్మ గారు కాసేపు దగ్గి, మంచినీళ్ళు తాగి, వంటింటి వైపు తొంగిచూశారు.

"పప్పు మాడితే మాడింది. గోంగూర పచ్చడుంది కదే. అన్నం పెట్టు," అన్నారు.

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. కొడుక్కి కూడా చెప్పలేదు. నాలుగు తిట్టి ఉంటే ఆ పూటతో తీరిపోయేది. తిట్టకపోవడంతో ఆ పొగ మంగతాయారు గుండెల్లోనే ఉండిపోయింది.

అప్పట్నుంచి మొదలైంది నా వైభవం. ఇంట్లోంచి అడుగు బయటపెట్టే ముందు ఆవిడ నన్ను కట్టేసేది. బొటనవేలితో నొక్కి చూసేది. "కట్టేశాను, కట్టేశాను, కట్టేశాను" అని మూడుసార్లు పైకి అనుకునేది. చెప్పులేసుకుని వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ గబగబా వచ్చి నా మొహంలో మొహం పెట్టి చూసేది. సినిమాకి వెళ్తే సగం సినిమా చూసేది. పెళ్ళికి వెళ్తే తలంబ్రాలు కాగానే వచ్చేసేది. ఆ ఊళ్ళో కొత్త పెళ్ళికూతురి మొహం కూడా ఎవరూ అన్నిసార్లు చూసి ఉండరు. నాకు కొంచెం గర్వంగా ఉండేదని ఒప్పుకుంటున్నాను.

ఆ గర్వం ఒకరోజున దిగిపోయింది. నాలుగేళ్ళ కిందట సూరమ్మ గారికి కాశీ చూడాలనిపించింది. యాత్రల బస్సు ఉంది, పద్దెనిమిది రోజులు, వంటమనిషి వాళ్ళతోనే వస్తాడు. ముగ్గురూ తెల్లవారుతూనే బయల్దేరారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పద్దెనిమిది రోజులు హాయిగా కునుకు తీయొచ్చని నేను అనుకుంటుండగానే, మధ్యాహ్నం తాళం చప్పుడైంది. కాశీకి వెళ్ళాల్సిన ముగ్గురూ సంచులతో సహా వంటింట్లో నా ఎదుట నిలబడి ఉన్నారు. రాజమండ్రి దాటాక మంగతాయారుకి చెమటలు పట్టాయట. గ్యాసు కట్టిన గుర్తు రావడం లేదని, బస్సు ఆపమని ఏడ్చిందట. నేను కట్టే ఉన్నాను. ఎప్పటిలాగే గట్టిగా, బుద్ధిగా కట్టి ఉన్నాను. నా మీట వంక చూసి మంగతాయారు అక్కడే గట్టు కింద కూలబడింది.

సూరమ్మ గారు కొంగుతో ఆవిడ మొహం తుడిచారు. "పోన్లేవే. విశ్వేశ్వరుడు ఎక్కడికీ పోడుగా. వచ్చే ఏడు వెళ్దాం."

విశ్వేశ్వరుడు ఎక్కడికీ పోలేదు. సూరమ్మ గారే పోయారు, ఆ వచ్చే ఏడు రాకుండానే.

గవర్రాజు గారు భార్యని ఒక్క మాట అనలేదు. తల్లి పోలికే. కానీ మూడో సంవత్సరీకం అయ్యాక ఒకరోజు భోజనం చేస్తూ, "ఈ ఏడైనా అమ్మకి గయలో పిండం పెట్టి, కాశీ వెళ్ళొద్దాం మంగా," అన్నారు. మంగతాయారు తలూపింది. ఆ క్షణం నుంచే ఆవిడకి అన్నం సయించలేదు. వెళ్ళకపోతే అత్తగారికి రెండోసారి ద్రోహం చేసినట్టు. వెళ్తే దారిలో తను ఏం చేస్తుందో తనకే తెలియదు. తులసికి నీళ్ళు పక్కింటి నాగరత్నానికి అప్పజెప్పింది. పాలవాణ్ణి మానిపించింది. కుళాయిలు బిగించింది, కిటికీలకి గడియలు వేసింది. ఇన్ని చేసినా వచ్చి నా ముందు నిలబడిపోయేది. నేను మాట్లాడగలిగితే బతిమాలి ఉందును. "వెళ్ళమ్మా, నేను చూసుకుంటాను" అని.

బయల్దేరే రోజు పొద్దున్న ఆవిడ అలాగే నిలబడి ఉంటే గవర్రాజు గారు వచ్చారు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన వంగి, నన్ను కట్టేసి, మెల్లగా పైకి లాగి బండ నుంచి ఊడదీశారు. బండకి తెల్ల మూత పెట్టారు. రబ్బరు గొట్టం నుంచి కూడా నన్ను విడిపించి, తుడిచి, మంగతాయారు అరచేతిలో పెట్టారు.

"ఇది నీ దగ్గరున్నంతసేపూ మనింట్లో పొయ్యి వెలగమన్నా వెలగదు. అనుమానం వచ్చినప్పుడల్లా తడిమి చూసుకో. పద."

జేబులోంచి ఒక చిన్న సంచి తీశారు. ఎవరిదో చిలకాకుపచ్చ జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్క. సరిగ్గా నా కొలతకి కుట్టి, మూతికి బొందు కూడా ఎక్కించారు. ముందురోజు షాపులో కూర్చుని కుట్టి ఉంటారు. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ తీసిన మనిషి, భార్య భయానికి కూడా కొలత తీశారు. ఆ సంచి చూసి మంగతాయారు నవ్వలేక, ఏడవలేక, నన్ను అందులో దూర్చి బొందు బిగించింది.

అలా నేను కాశీయాత్రకి బయల్దేరాను. ఆవిడ చేతిసంచిలో ఒక పక్క బీపీ మాత్రలు, ఇంకో పక్క సూరమ్మ గారి ఫొటో, మధ్యలో నేను. గంటకోసారి చెయ్యి లోపలికి వచ్చేది. గుడ్డ మీదుగా నా మీట తడిమి, ఊపిరి వదిలి, బయటికి వెళ్ళేది. విశాఖపట్నం దాటేసరికి పక్క సీటావిడ ఉండబట్టలేక అడిగేసింది.

"అందులో ఏవుందండీ? బంగారవా?"

"రెగ్యులేటరండి."

బస్సు బస్సంతా నవ్వింది. ఒకాయన బండ కూడా తేవాల్సిందన్నాడు. మంగతాయారు కూడా వాళ్ళతో పాటు నవ్వేసింది గానీ, సంచి జిప్పు మాత్రం గట్టిగా లాగి పెట్టుకుంది. రాజమండ్రి ఎప్పుడో వెనకబడిపోయిందని నవ్వు ఆగాక గుర్తొచ్చినట్టుంది. కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసింది.

నాలుగో రోజు పొద్దున్న, గయ ఇంకా మూడు గంటల దారి ఉందనగా, సెలవులకి మూసేసిన ఒక బడి ఆవరణలో బస్సు ఆగింది. వంటమనిషి అప్పన్నది శ్రీకాకుళం వైపు. ఉప్మాకి ఉల్లిపాయలు తరిగి, పొయ్యి ముట్టించబోయి ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు. అగ్గిపెట్టె దూరంగా విసిరేశాడు.

"నా రెగ్యులేటరు పాడైపోనాదండి బాబూ. గేసు వాసనొచ్చీస్తంది. ఇప్పుడు పుల్ల గీసినామంటే కాసీ కాదు, ఏకంగా కైలాసానికే ఎల్లిపోతాం."

చుట్టుపక్కల కొట్టు లేదు. నలభై మంది, సగం మంది తినకపోతే మాత్ర వేసుకోకూడని వాళ్ళు. ఎవరో అన్నారు, "ఆవిడ దగ్గరుందిగా!" నలభై తలలూ మంగతాయారు వైపు తిరిగాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆవిడ చేతిసంచిని పొట్టకి అదుముకుంది. లోపల నాకు ఆవిడ గుండె చప్పుడు వినబడింది. ఆలోచిస్తే ఇందులో ఏముంది? నేను అప్పన్న బండకి ఎక్కితే మాత్రం రామచంద్రపురంలో పొయ్యి వెలుగుతుందా? కానీ భయానికి మనం చెప్పే లెక్కలు వినబడవు. నేను ఆవిడ సంచిలో ఉంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది, అంతే. ఆవిడ గవర్రాజు గారి వైపు చూసింది. ఆయన ఇమ్మనలేదు, వద్దనలేదు.

అప్పుడు ముందు సీట్లోంచి దిగిన ముసలావిడ, బుల్లెమ్మ గారట, కర్ర పొడుచుకుంటూ వచ్చారు. "పోన్లెండమ్మా, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకండి. నిన్నటి రొట్టెలున్నాయి, నా దగ్గర ఊరగాయుంది. ఒక్క పూటకేవుంది?"

మంగతాయారు బొమ్మలా నిలబడిపోయింది. పచ్చడుంది కదే, అన్నం పెట్టు. అత్తగారి గొంతే, అదే తేలిక. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. జిప్పు తీసింది, బొందు విప్పింది, నన్ను తీసి అప్పన్న చేతిలో పెట్టేసింది.

"వేడిగా చేసి పెట్టు బాబూ. ముందు ఆవిడకి పెట్టు."

రెండు పొయ్యిల ఇంటికోసం పుట్టినదాన్ని. నలభై మంది ఉప్మా మంట మోయడం మాటలు కాదు. మంట నిదానంగా ఉందని అప్పన్న గొణిగాడు, అయినా పని జరిగింది. మంగతాయారు ఆ పూటంతా పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. వంటవగానే తనే నన్ను కట్టేసి, మూడుసార్లు అనుకుంది. మర్నాడు గయలో పిండాలు పెట్టడానికి వెళ్తూ, అప్పన్న బండ మీదే ఉన్న నా వైపు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆ మర్నాడు ఒక్కసారి. కాశీ చేరిన రోజున స్నానానికి వెళ్తూ నా వైపు చూడనే లేదు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ చూపులకి అలవాటు పడ్డదాన్ని.

కాశీకి వచ్చినవాళ్ళు ఇష్టమైన కాయో పండో గంగలో వదిలి, ఇక జన్మలో దాన్ని తినకూడదు. మనుషుల తెలివి అక్కడ చూడాలి. కాకరకాయ వదిలినవాళ్ళు పదిమంది. పుచ్చపండు అసలు పడనే పడని ఒకాయన దాన్నే భక్తిగా వదిలేసి వచ్చాడు. సాయంత్రం సత్రం పెరట్లో అప్పన్న టీ కాస్తుంటే మంగతాయారు తడి జుట్టు ముడేసుకుంటూ వచ్చి కూర్చుంది. వెనకే గవర్రాజు గారు.

"అప్పన్నా, ఈ రెగ్యులేటరు నువ్వే ఉంచుకో," అంది.

"అదేటమ్మా, మరి మీకూ?"

"ఏవండీ, అందరూ ఇష్టమైంది వదిలారు కదా. ఇరవై ఏళ్ళు దీన్నే పట్టుకుని బతికాను. నాకు ఇంతకంటే ఇష్టమైంది ఏవుంది చెప్పండి? ఆ రోజు అత్తయ్యతో బయల్దేరినప్పుడే వదిలేయాల్సింది. ఆవిడ కాశీ చూడకుండానే పోయింది."

గవర్రాజు గారు ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నారు. "చూసింది లేవే. గయలో నా చేత్తో పెట్టాను, చూసింది," అన్నారు. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. అప్పన్న వాళ్ళ వైపు చూడకుండా టీ కలిపాడు.

లేచే ముందు ఆవిడ తన నుదుటి కుంకుమ వేలికి అద్దుకుని నా మీద బొట్టు పెట్టింది, కొత్తలో పెట్టినట్టే. ఆకుపచ్చ సంచిలో పక్కింటి నాగరత్నానికి ఇవ్వడానికి కాశీదారాలు వేసుకుంది. మర్నాడు మంచి అంగడి దొరికినా అప్పన్న నాకు బదులు కొత్తది కొనలేదు.

ఇప్పుడు నేను యాత్రల బస్సులో ఉంటున్నాను. మీటమీద గీతలు అరిగిపోయాయి, మహా అయితే ఇంకో రెండేళ్ళు, ఆ తర్వాత పాతసామాన్లవాడి తట్టే. దిగులేమీ లేదు. మొన్న రామేశ్వరం యాత్రకి రామచంద్రపురంలో జనాన్ని ఎక్కించుకుంటుంటే నాకు తెలిసిన గొంతు వినబడింది. మొదటి మజిలీలో టిఫినప్పుడు గవర్రాజు గారు అప్పన్నకి చెప్పారు, కొత్త రెగ్యులేటరు కోసం గ్యాసు ఆఫీసులో 'పోయినది' అని రాసిస్తే, ఎక్కడ పోయిందని అడిగారట. కాశీలో అని చెబితే గుమాస్తా పెన్ను కింద పెట్టేశాడట.

మంగతాయారు కంచం పట్టుకుని వచ్చింది. అప్పన్న ఇడ్లీలు వేస్తూ అడిగాడు.

"ఈసారి రెగ్యులేటరు తేనేదేటమ్మా?"

"లేదయ్యా. ఇంట్లో బండకే ఉంది."

"కట్టీసినారా?"

ఆవిడ చెప్పబోయి ఆగింది. కళ్ళు పైకెత్తి గుర్తు తెచ్చుకోబోయింది. పక్కన గవర్రాజు గారి నోటిదాకా వెళ్ళిన ఇడ్లీ ముక్క అక్కడే ఆగిపోయింది.

"కట్టే ఉంటాన్లే," అని మంగతాయారు కంచం ముందుకి చాపింది. "చట్నీ ఇంకాస్త వెయ్యి."