లోపలివైపు పాలిష్

గుర్రపుస్వారీ మాస్టారికి పెళ్లాం కంటే బూట్లంటేనే ఎక్కువ ప్రేమని లాయంలో అందరూ ఆటపట్టించేవారు. మోకాలి దాకా వచ్చే ఆ నల్లతోలు బూట్లు ఆయన ఉద్యోగంలో చేరిననాటివి. సోల్ రెండుసార్లు మార్పించాడు గానీ పైతోలు మీద ఒక్క పగులు లేదు. స్వారీ కాగానే చెమటా దుమ్మూ తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, వంగిపోకుండా లోపల చెక్క అచ్చులు దూర్చి నిలబెట్టేవాడు. పాలిష్ మాత్రం బయటివైపే. పిక్క లోపలివైపు, జీనుకు ఆనుకునే చోట, వట్టి తోలు సబ్బుతో సరిపెట్టేవాడు. అక్కడ మెరుగు పెడితే కాలు జీనును పట్టుకోదు, జారిపోతుంది. గుర్రమెక్కే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు.

అందుకే, యజమాని కళ్లముందు కంచె దూకిస్తూ కాలు జారి కిందపడ్డ రోజు, భుజానికి కట్టుతో ఇంటికొచ్చి బూట్లు తిప్పి చూసేసరికి ఆయనకు ఒళ్లు మండిపోయింది. లోపలివైపు నిగనిగలాడుతోంది.

"ఇది తెలిసినవాడి పనే," అనుకున్నాడు.

ఇంట్లో తెలిసినవాడంటే ఒక్కడే. బావమరిది. స్వారీ నేర్పిందీ తనే, లాయంలో పనికి పెట్టించిందీ తనే. వాడు పడుకునేది ముందుగదిలో, బూట్లు ఉండేదీ అక్కడే. తను మంచం పడితే స్వారీ తరగతులు ఎవరికి దక్కుతాయి? వాడికే. అనుమానం ఒకసారి తలలో దూరాక, వాడు ఏం చేసినా దానికి వంతపాడినట్టే కనిపించింది. పడ్డప్పుడు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది వాడే. వేడుక చూడ్డానికి కాకపోతే అంత తొందరేమిటి? బూట్లు లాగిందీ వాడే. లాగి, లోపలివైపు వేలితో రాసి చూసి, కిక్కురుమనకుండా పక్కన పెట్టాడు. దొంగ కాకపోతే ఎందుకు దాస్తాడు?

కొన్నాళ్లు కడుపులో పెట్టుకుని, చివరికి ఒక సాయంత్రం నిలదీశాడు.

"నా బూట్లకి లోపల పాలిష్ పెట్టిందెవర్రా?"

బావమరిది గుమ్మం వైపు చూశాడు. అక్క చెప్పులు అక్కడ లేవు, బజారు నుంచి ఆమె ఇంకా రాలేదు. తప్పించుకునే దారి వెతుకుతున్నాడని అనుకున్నాడు మాస్టారు.

"నేనే అనుకో బావా."

"అనుకోవడమేంట్రా! నా నడుం విరిగినా నీకు ఫర్లేదన్నమాట. మూటాముల్లె సర్దుకో. రేపు యజమానికి చెప్పి లాయంలోంచి కూడా పంపించేస్తా."

లాయంలో పనుందని అక్కకు చెప్పమని మాత్రం అడిగి వాడు వెళ్లిపోయాడు.

పొద్దున్నే యజమాని దగ్గరికి బయల్దేరిన మాస్టారు బూట్ల కోసం ముందుగదిలోకి వచ్చి ఆగిపోయాడు. భార్య నేలమీద కూర్చుని, ఒళ్లో బూటు పెట్టుకుని, పాతగుడ్డతో లోపలివైపు శ్రద్ధగా రుద్దుతోంది.

"ఈ పక్క మీరెప్పుడూ వదిలేస్తారండీ, కనబడదు కాబోలు. యజమాని వస్తున్నాడని ఆ రోజు కూడా నేనే పెట్టాను. చెబితే ముట్టుకోనివ్వరని చెప్పలేదు." ఆమె బూటు పైకెత్తి చూపించింది. "బాగుందా?"

గుర్రమెక్కేవాడెవడూ చేయని పని అది. వేలితో రాసి చూసిన క్షణంలోనే బావమరిదికి ఎవరో తెలిసిపోయింది. తనకే తెలియలేదు. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

"చాలా బాగుంది," అన్నాడు.

బూట్లు చంకలో పెట్టుకుని, చెప్పులతోనే లాయానికి నడిచాడు. బావమరిది జీను తుడుస్తున్నాడు. మాస్టారు బూట్లు వాడి ముందు పెట్టాడు. వాడు ఆ మెరుపు చూసి కంగారుగా లేచాడు.

"అక్కకి తెలిసిపోయిందా బావా?"

"లేదురా," అన్నాడు మాస్టారు. "తెలియనివ్వను."

వాడు తేలిగ్గా ఊపిరి వదిలి, తోలు సబ్బు తీసి, ఒక బూటు అందుకున్నాడు. కట్టుతో ఉన్న ఆయన భుజం చూసి, రెండోది కూడా తనే తీసుకున్నాడు.