పగటి వంతు

కోపం పాపమే అయితే దేవుడు దాన్ని మనిషిలో ఎందుకు పెట్టాడు? ఈ అనుమానం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉంది. దణ్ణం పెట్టుకునే ప్రతిసారీ అడిగేది. కోపం తగ్గించమనీ వేడుకునేది. ఆ రోజు భౌతికశాస్త్రం తరగతిలో మాత్రం అడగలేదు. ఒళ్లంతా భగ్గుమంటోంది.

ప్రొఫెసర్ టెలిస్కోప్ వంతులు చదివాడు. రాత్రులన్నీ మగవాళ్లకే.

“మరి నాకు సార్?”

“పగలు తీసుకో. ఆడపిల్లవి, చీకటి పడితే ఇంట్లో ఊరుకుంటారా?”

“మా ఇంటి సంగతి మా వదిన చూసుకుంటుంది. పగలు నేనేం చూడాలి?”

“పట్టపగలే చుక్కలు!” వెనక బెంచీ గొల్లుమంది. ప్రొఫెసరూ నవ్వాడు.

ఈ వారంలో ఒక్క పరిశీలనైనా రాసివ్వకపోతే ప్రాజెక్టు పోయినట్టే, దాంతోపాటు ఏడాదీ.

పళ్లు నూరుకుంటూ మెట్లు దిగుతుంటే వదిన గుర్తొచ్చింది. తల్లి పోయాక ఆమెను పెంచింది వదినే. వదినకు పుట్టు రేచీకటి. పొద్దుగూకితే గోడ పట్టుకుని నడుస్తుంది. చుక్క ఎలా ఉంటుందో ఎరగదు. “నేను చూపిస్తాలే వదినా” అని జడ వేయించుకుంటూ ఎప్పుడో మాటిచ్చింది. ఆ మాట అలాగే ఉండిపోయింది.

పగలైతే వదినకు కళ్లు బాగానే కనిపిస్తాయి. శుక్రుడు పగలూ ఆకాశంలోనే ఉంటాడు!

మర్నాడు మధ్యాహ్నం కాలేజీ మేడ మీద, ఎండ పొరపాటున కూడా గొట్టంలో పడకుండా, నీళ్ల ట్యాంకు నీడలో టెలిస్కోప్ నిలబెట్టింది. లెక్క ప్రకారం తిప్పింది. ఉత్త నీలం. మళ్లీ లెక్క కట్టింది. నీలమే.

“దొరికిందా చుక్క?” వెనక బెంచీవాడొకడు తొంగిచూశాడు.

“నీ మొహం! పో అవతలికి.”

కోపంతో కళ్లు చెమర్చాయి. అప్పుడు తట్టింది. రాత్రి వాడినవాళ్లు ఫోకస్ తమ కంటికి తగ్గట్టు మార్చి పోయారు. ఖాళీ ఆకాశంలో అది చెదిరినా తెలియదు. తూర్పున వెలవెలబోతున్న చంద్రుడి మీద ఫోకస్ సరిచేసి, మళ్లీ శుక్రుడి వైపు తిప్పింది.

నీలంలో తెల్లగా, బుల్లి నెలవంక.

ప్రొఫెసర్ వచ్చి చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

“రాసిచ్చెయ్.”

“రేపటి పగలు కూడా నాదేనా సార్?”

“నీదే.”

ఆ సాయంత్రం దణ్ణం పెట్టుకుంటూ కోపం తగ్గించమని మాత్రం అడగలేదు.

మర్నాడు వదిన ఆయాసపడుతూ మేడెక్కి, కన్ను ఆనించింది.

“చందమామ ముక్కలా ఉందేమిటే!”

“దీనికీ కళలున్నాయి వదినా. వేగుచుక్క అంటారే, అదే ఇది.”

“అమ్మో, అదేనా!” వదిన కన్ను తీయలేదు. “నీ బాకీ తీరింది పిల్లా. ఆ సారు మీద ఇంకా మండుతోందా?”

“మండుతోంది.”

“మండనీ. జరుగు, ఇంకాసేపు చూడాలి.”