ఛీ మేస్త్రి బేరం

పాత సామాన్ల సంతలో అతన్ని అందరూ ఛీ మేస్త్రి అంటారు. ఏ పనిముట్టు చేతికిచ్చినా ముందు మూతి ముడుస్తాడు, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు, ఆఖరికి "ఛీ" అని కింద పడేస్తాడు. అమ్మేవాడి ముఖం వాడిపోతుంది. కాసేపు పక్కవాడి సామాను దగ్గర తచ్చాడి, పోతూ పోతూ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "సరేలే, ఆ తుప్పు ముక్క ఎంతకి వదిలించుకుంటావ్?" అంటాడు. అలా జనం వదిలించుకున్న తుప్పు ముక్కలే అతని ఇంట్లో మంచాల కింద, అటక మీద, తలుపుల వెనక కూరి ఉన్నాయి. ఉలులు, చిత్రికలు, రంపాలు, మూలమట్టాలు. అన్నీ మేలైన ఉక్కు. నాసిరకం ఒక్కటీ లేదు. సరైన వెల ఇచ్చి కొన్నదీ ఒక్కటీ లేదు.

"ఇంటికొచ్చినవాళ్ళు కూర్చోడానికి జానెడు చోటు లేదు గానీ, కోసుకోడానికి మాత్రం కావలసినంత సరంజామా ఉంది" అంటుంది అతని భార్య.

నిజానికి ఆ సంతంటే అతనికి ఒళ్ళు మంట. గోడ పొడుగునా ఉచ్చ కంపు. తుప్పు మీద నల్లరంగు పులిమి "తాతలనాటి సరుకు" అని పళ్ళికిలించేవాళ్ళు. నిన్న కాక మొన్న కోసిన రేకు మీద పేరున్న గుర్తు గుద్ది అమ్మేవాళ్ళు. బంగారం లాంటి ఉలితో రంగు డబ్బాల మూతలు ఊడబెరికి, దాని అంచును పళ్ళూడిన చిగుళ్ళలా చేసి తెచ్చేవాళ్ళు. కొనేవాళ్ళు ఇంకా అసహ్యం. చిత్రిక పొట్టలో బల్బు పెట్టి దీపం చేసుకునేవాడొకడు, రంపం మీద పువ్వులు గీయించి గోడకు కొట్టుకునేవాడొకడు. వీళ్ళందరి మధ్యా వారం వారం తానెందుకు దేవులాడుతున్నట్టు?

ఎందుకంటే పగలంతా అతను చేసే పని అంతకన్నా రోత. రంపపు పొట్టును జిగురుతో అతికించిన పలకలు తెచ్చి, మిషనుతో మరలు బిగించి, అల్మారాలని పేరు పెడతారు. దానికి ఉలి అక్కర్లేదు, చిత్రిక అక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు. నాలుగు చుక్కల నీళ్ళు పడితే ఆ పలక ఉబ్బిపోయి పొరలు పొరలుగా ఊడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఓ పాత ఉలిని సానరాయి మీద రుద్దితే గానీ ఆ జిగురు కంపు అతని చేతుల్ని వదలదు.

అతని బామ్మర్దికి ఓ చిన్న వ్యాను ఉంది. హోటళ్ళ గోడలకు అలంకారంగా పాత సామాన్లు సరఫరా చేస్తాడు. సరుకు గుర్తుపట్టడం వాడికి చేతకాదు. అందుకే బావ. మోసుకెళ్ళడం బావకు చేతకాదు. అందుకే వ్యాను. దొరికిందాంట్లో చెరిసగం. ఆ మాట మీదే ఇద్దరూ ఒకరినొకరు భరిస్తున్నారు.

ఆ రోజు బామ్మర్ది పొద్దున్నే వచ్చి హారన్ కొట్టాడు.

"బావా, ఎవరో కొయ్యపనాయన పోయాడట. ఆయన భార్య ఇల్లు ఖాళీ చేసి అక్క దగ్గరికి వెళ్ళిపోతోంది. పెట్టెడు సామాను ఉందట. తొందరగా రా, ఇంకెవడైనా కాలు పెడతాడు."

"చచ్చి నెలన్నా అయిందా?"

"అయిందిలే. ఏడుపుల టైం దాటింది, బేరాల టైం."

"నీ నోరు పడిపోను" అన్నాడు ఛీ మేస్త్రి. చెప్పులు మాత్రం వేసుకున్నాడు.

ఇరుకు మెట్లెక్కి వెళ్తే పై అంతస్తులో రెండు గదుల ఇల్లు. సామాను సగం మూటలు కట్టి ఉంది. గోడ మీద గడియారం తీసేసిన చోట తెల్లటి గుండ్రం. అరవై దాటిన ఆవిడ తలుపు తీసింది. వెనకాలే ఆవిడ అక్క, చేతిలో తాడుముక్క, నోట్లో ఎవరో ఒకరి మీద విసుగు.

"వచ్చారా పాత ఇనప సామాన్లవాళ్ళు? ఆ పెట్టె పట్టుకుపోండి బాబూ. మా ఇంట్లో దానికి చోటు లేదని మొదటి రోజే చెప్పాను దీనికి."

"ఉండవే అక్కా" అంది ఆవిడ.

మంచం కింద నుంచి ఇనప పెట్టెను లాగారు. మూత తీయగానే నూనెగుడ్డ వాసన వచ్చింది, ఎవరో నిన్ననే చుట్టిపెట్టినట్టు. గుడ్డకు అరలు కుట్టి ఉన్నాయి. అరకొక ఉలి, వేలెడు వెడల్పు నుంచి గోరంత సన్నందాకా. ఛీ మేస్త్రి ఒకటి తీసి తిప్పి చూశాడు. వెనక భాగంలో అతని ముక్కు, ముక్కులోని వెంట్రుకలతో సహా కనిపించింది. ఏళ్ళ తరబడి రుద్దితే తప్ప ఉక్కుకు ఆ నునుపు రాదు. పిడి చివర తొడిగిన ఇత్తడి పొన్ను మీద ఒక్క సొట్ట లేదు. బొటనవేలు ఆనే చోట కొయ్య చిన్న గుంటలా అరిగి ఉంది, అతని వేలు తనంతట తానే వెళ్ళి అందులో కూర్చుంది. గోటితో అంచును మీటితే సన్నగా మోగింది. అతని గుండె ఒక్కసారి ఎగిరి పడింది. ఇంత మంచి సెట్టు అతను పుట్టాక చూడలేదు.

"వెల సంగతి తర్వాత మాట్లాడుకుందాం నాయనా" అంది ఆవిడ, అతని ముఖంలోకే చూస్తూ. "ముందు ఇవి మంచివేనా, చెప్పు."

బేరాలాడేవాళ్ళలో ఆ ప్రశ్న అమాయకులు అడిగేది కాదు. "మంచివేనా" అని అడిగిందంటే వెల పెంచడానికి కాలు దువ్వుతోందని లెక్క. అందుకని ఛీ మేస్త్రి, గుండె ఎంత ఎగిరితే మూతి అంత ముడిచి, ఉలిని గుడ్డ మీద పడేశాడు.

"ఛీ."

"ఏం బాబూ?"

"ఇదేం ఉక్కమ్మా? చచ్చిన ఇనుము. నాలుగు దెబ్బలకు అంచు మడతపడిపోతుంది. పైపైన తోమి మెరుగు పెట్టాడు, అంతే. లోపల ఏం లేదు. ఈ పిడులు చూడు, పొయ్యిలో పెట్టే కొయ్య. ఎవరో ఆయన్ని బాగా ముంచారు. చెత్తంతా అంటగట్టారు."

ఇప్పుడు ఆవిడ ఎగిరి పడాలి. "నోరు అదుపులో పెట్టుకో, మా ఆయనకు తెలీదా, నీకు తెలుసా" అనాలి. అప్పుడతను కాస్త తగ్గి, ఆవిడ కాస్త తగ్గి, బేరం దారిలో పడాలి. పదేళ్ళుగా జరుగుతున్న తంతు అది. అతను ఎదురుదెబ్బ కోసం చూశాడు. రాలేదు. ఆవిడ మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"చూశావా?" అక్క గొంతు గదంతా నిండింది. "నేను మొత్తుకున్నానా లేదా? ఇంట్లోకి ఒక్క మంచి వస్తువు కొనని మనిషి, చేతిలో కాసు పడితే ఇనుముకు పోశాడు. నువ్వేమో నీ మొగుడు మహా నేర్పరి అని పొంగిపోయావు. ఇప్పుడు తెలిసినాయనే చెప్పాడు, విను."

"అట్లా అనకే."

"ఎందుకనకూడదూ? నిన్ను ముంచాడు. వాణ్ణెవడో ముంచాడు."

ఆవిడ ఛీ మేస్త్రి వంక చూసింది. కోపంగా కాదు, డాక్టరు మాట విన్నట్టు. "రోజూ రాత్రి అన్నం తిన్నాక అవన్నీ ఇక్కడే పరుచుకుని తుడిచేవాడు నాయనా. నీ నగలన్నీ ఇందులోనే ఉన్నాయే అనేవాడు. నేనేదీ అడగలేదు. అంత గొప్పవేమో అనుకున్నాను. ఆయనకు కూడా తెలియలేదన్నమాట, పాపం. జన్మంతా చెత్తను తుడిచాడు."

ఛీ మేస్త్రి పడేసిన ఉలిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. సంతలో ఎందరి సరుకునో తిట్టాడు, ఎవరూ అతని మాట నమ్మలేదు. నమ్మకూడదని వాళ్ళకు తెలుసు. ఈవిడ నమ్మింది. నమ్మి, నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషిని తన ఎదురుగానే వెర్రివాణ్ణి చేసేసుకుంటోంది.

"అమ్మా" అన్నాడు. "నేనన్నది తప్పు. ఇవి చెత్త కాదు. ఇంత మంచివి నేనెక్కడా చూడలేదు."

బామ్మర్ది ఉలిక్కిపడి అతని మోచెయ్యి గిల్లాడు.

"నిజమమ్మా. బేరం కోసం అట్లా అన్నాను. మా అలవాటది." మూటల పక్కన పడున్న చెక్కముక్క ఒకటి దొరకబుచ్చుకుని, ఉలితో దాని కొసను చెక్కాడు. కొస పొర ఉల్లిపొరలా లేచి చుట్టుకుంది. "ఇదిగో చూడు. చచ్చిన ఇనుమైతే ఇట్లా తెగుతుందా?"

అక్క పెదవి విరిచింది. "మా కూరగాయల కత్తీ కోస్తుందయ్యా కర్రని. దానికేం?"

తెలియనివాళ్ళకు ఎట్లా చూపించాలి? కళ్ళు లేనివాళ్ళకు రంగు చూపించినట్టే ఉంది. అతను జేబులో ఉన్నదంతా తీసి మంచం మీద పెట్టాడు. "ఇది తీసుకో. ఇంకా ఇస్తాను. వీటి వెల దీనికి ఎన్నో రెట్లు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి నమ్మిందేమో అనుకున్నాడు.

అప్పుడు బామ్మర్ది నోరు తెరిచాడు, తేనె పూసుకుని. "మా బావ మనసు వెన్నమ్మా. ఎవరైనా బాధపడితే చూడలేడు. పోయినోళ్ళ సామాను చెత్త అని ముందు అనేస్తాడు, తర్వాత ఇదిగో, ఇట్లా జేబు ఖాళీ చేసుకుంటాడు. ఇంట్లో మా అక్క తిడుతుంది."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలుసు నాయనా. నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావు. మంచివాడివి. నీ పిల్లల నోటి దగ్గరిది నాకెందుకు?" ఆ డబ్బులో పైనున్న నోటు ఒకటి తీసుకుని, మిగతాది అతని జేబులో తనే పెట్టింది. "పెట్టెతో సహా తీసుకుపో. నా కంటికి కనబడకుండా ఉంటే చాలు."

వదిలేసి పోదామా అనుకున్నాడు. వదిలేస్తే, ఊరికే ఇస్తానన్నా పట్టుకుపోలేదు, అంత చెత్త అనుకుంటుంది. పట్టుకుపోతే, అంత చవగ్గా పోయింది, చెత్తే అనుకుంటుంది. ఎటు కదిలినా అతని నోట్లోంచి ఊడిపడిన ఆ మాటే గెలుస్తోంది. పెట్టెకు ఒక పక్క చెయ్యి వేశాడు.

కిందికి దిగాక, వ్యాను తలుపు తీస్తూ బామ్మర్ది నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఏం నటన బావా! ముందు తిట్టడం, తర్వాత ఏడిపించడం, ఆఖరికి డబ్బులివ్వబోవడం. నోరెళ్ళబెట్టాను. నాక్కూడా నేర్పు."

"నటన కాదురా."

"సరే సరే. వీటిని విడివిడిగా చేసి, పిడులు పీకేసి, ఉక్కు ముక్కల్ని ఓ చట్రంలో సూర్యుడి కిరణాల్లాగా బిగిస్తే, ఆ కొత్త హోటలువాడు కళ్ళకద్దుకుంటాడు. సగం నీకిస్తాలే."

ఛీ మేస్త్రి పెట్టె మూత మీద చెయ్యి పెట్టాడు. "దీంట్లో ఒక్కటి కూడా నీ గోడెక్కదు."

"మాట మాటే బావా. చెరిసగం. నా వ్యాను, నా కబురు."

"వ్యాను నెత్తిన పెట్టుకో."

బామ్మర్ది మూత లాగాడు. ఇతను అదిమాడు. వాడు గుడ్డ మూట పట్టుకున్నాడు, ఇతను వాడి మెడ పట్టుకున్నాడు. చొక్కా గుండీలు తెగి రోడ్డు మీద దొర్లాయి. పళ్ళు బిగించి, తలలు ఆనించి, బురద కాలువ పక్కన ఇద్దరు బట్టతల మగాళ్ళు ఒకరి మీద ఒకరు ఒగురుస్తున్నారు. ఎదురు దుకాణం వాడు కాటా మీద తూకం మరిచిపోయి చూస్తున్నాడు. బామ్మర్ది మోచెయ్యి తగిలి ఛీ మేస్త్రి పెదవి చిట్లింది.

"ఇడియట్! రెండు ఇనప ముక్కల కోసం నన్ను కొడతావా?"

"ఇనప ముక్కలా? ఏ ఉక్కురా అది? నువ్వు చూశావా దాని వెనక?"

"ఇష్! ఊరుకో బావా, పైనుంచి ఆవిడ చూస్తోంది!"

అతను తలెత్తాడు. బాల్కనీ కమ్మి పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. పక్కన అక్క. బామ్మర్ది చొక్కా సర్దుకుని పళ్ళికిలిస్తున్నాడు. ఇక్కడ నోరు మూసుకుంటే అయిపోయేది. వ్యానెక్కి పోతే మర్యాదగా ఉండేది.

ఛీ మేస్త్రి గొంతు ఇంకా పెంచాడు.

"చూడనీరా! వినబడనీ! ముప్పై ఏళ్ళ పనిలో ఇట్లాంటి ఉలి పట్టుకోలేదురా నేను! ఆయన ఒక్కొక్కటీ ఏరి కొన్నాడు, ఒక్క దొంగ సరుకు లేదు అందులో! నాకన్నా లక్షరెట్లు కన్నున్న మనిషి! అది తెలిసే ఛీ అన్నాను, తెలిసే కాజేద్దామనుకున్నాను! నువ్వు పిడి మీద చెయ్యి వేశావంటే ఆ చెయ్యి ఉండదు!"

వీధి వీధంతా విన్నది. బాల్కనీలో మనిషి లేదు. కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు.

ఆవిడ వచ్చి అతని ఎదురుగా నిలబడింది, వెనకాలే అక్క. ఇందాక తీసుకున్న నోటు అతని చేతికి ఇవ్వలేదు. చెయ్యి తగలకూడదన్నట్టు పెట్టె పక్కన కాలిబాట మీద పడేసింది. అతని ముఖంలోకి చూసింది. కుళ్ళిన పండు కోసి లోపల చూసినప్పటి చూపు. అతను ఆ చూపు నుంచి కళ్ళు తిప్పుకోలేదు. అంతకన్నా తక్కువేం కాదు తనకు రావలసింది.

"అమ్మా, బరువు. పైదాకా నేను మోస్తాను" అన్నాడు.

"నువ్వు ముట్టుకోవద్దు."

బామ్మర్ది ఏదో అనబోయి, ఆవిడ ముఖం చూసి, వ్యానెక్కి తలుపు ధడాలున వేసుకున్నాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ పెట్టెకు చెరోపక్కా పట్టారు. మెట్ల మీద ఒక్కో మలుపులో ఆగి రొప్పుతున్నారు. కింద చిట్లిన పెదవి నొక్కుకుంటూ నిలబడ్డ మనిషికి వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"దీన్నెక్కడ పెడతావే మా ఇంట్లో? చోటు లేదన్నానుగా."

"నా మంచం కింద. నేను కింద పడుకుంటా, కావలిస్తే దాన్ని మంచం మీద పెడతా."

"అమ్మో, చేతులు ఊడిపోతున్నాయే. ఏం బరువే ఇది!"

"ఉండదా మరి? ఊరికే మెరుగు పెట్టిన రేకనుకున్నావా?" అంది ఆవిడ, ఆయాసంలోనే. "పట్టుకో, జాగ్రత్త. గోడకు తగలనీకు."