డ్యూటీ నెయ్యి

వేడి అన్నం గిన్నె మూత మీద నెయ్యి గిన్నె పెట్టడం అసిరమ్మకి కాపురానికొచ్చినప్పటి అలవాటు. కూర దించేలోగా ఆ ఆవిరికే కరిగిపోతుంది. ఆ ఇంట్లో దాని పేరు డ్యూటీ నెయ్యి. డ్యూటీకి వెళ్ళే మగవాళ్ళ కంచంలోకే వెళ్ళాలని అత్తగారు అప్పయమ్మ పెట్టిన పద్ధతి. అత్తగారు పోయింది. రైల్వే క్వార్టరు వదిలి బిలాస్‌పూర్‌లోనే సొంతిల్లు కట్టుకున్నారు. ఇంజన్లు నడిపిన భర్త పైడిరాజు రిటైరై చాలా ఏళ్ళయింది. అయినా గిన్నె ముందు ఆయన దగ్గరికే వెళ్ళేది. "ఏటే, ఆ వంకర చేత్తో ఎంతసేపు?" అని నవ్వేవాడు. కోపంతో కాదు, అలవాటుకొద్దీ.

మనవరాలు భవిత సైకిలు మీంచి పడి ముంజేయి విరగ్గొట్టుకున్నాక గిన్నె దారి మారింది.

పదకొండేళ్ళ పిల్ల చేతికి ఆ కట్టు చూస్తే అసిరమ్మకి తన చెయ్యే గుర్తొచ్చేది. తనకీ ఇంకా ఒళ్ళు ఎదిగే వయసులోనే, కాపురానికొచ్చిన ఏడాదే, బొగ్గు బుట్ట ఎత్తబోయి జారిపడితే కుడి మణికట్టు విరిగింది. "నూనె, నెయ్యి తగిలితే సీము పడతాది" అని అత్తగారు పత్యం పెట్టింది. గంజి, చప్పిడి చారు. కట్టు ఉండగానే ఎడమ చేత్తో అంట్లు. ఎముక వంకరగా అతుక్కుంది. చూడ్డానికొచ్చిన అమ్మ, తిరుగు రైలు కిటికీలోంచి ఆ మణికట్టు పట్టుకుని, బండి కదిలాక కూడా వదల్లేదు. మళ్ళీ రాలేదు. ఇప్పటికీ స్టేషను వైపు నుంచి కూత వినిపిస్తే మణికట్టు చుట్టూ ఆ వేళ్ళు బిగుస్తాయి.

అందుకే భవితకి ముద్ద ముద్దకీ నెయ్యి. పొద్దున్నే డాల్డాలో పూరీలు, రాత్రి కొవ్వు తేలే మాంసం పులుసు.

"మామ్మా, బస్! గొంతు దిగట్లేదు."

"తిను తల్లీ. సెయ్యి తిన్నగా అతకాలి గదా."

"మరీ ఎక్కువేమో అత్తయ్యా" అంది బ్యాంకుకి బయల్దేరుతూ కోడలు రాజశ్రీ. అసిరమ్మ వింటేగా!

రెండో ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఎముక తిన్నగానే ఉంది. అతుకే ఇంకా పలచగా ఉంది. ఏం పెడుతున్నారు?" అని హిందీలో అడిగింది. అసిరమ్మ గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ నవ్వింది. "ఇదొక్కటే కారణం అనను అమ్మా. కానీ ఎదిగే పిల్లలకి కొవ్వు అసలు లేకపోయినా కష్టమే, మరీ ఎక్కువైనా కష్టమే. ఎక్కువైతే ఎముక కట్టాల్సిన కణాలు కొవ్వు కట్టే పనిలో పడిపోతాయి. నెయ్యి ఒక చెంచా చాలు. గుడ్డు, పాలు, చేప పెట్టండి. ఎండలో కూర్చోబెట్టండి."

ఆటోలో ఇంటికొస్తూ ముందు తనని తాను తిట్టుకుంది. తరవాత ఆ మాటే మనసులో తిరగడం మొదలెట్టింది. ఎముక కట్టాల్సినవి వేరే పనిలో పడిపోతాయట. తనని మాత్రం? ఎదగాల్సిన వయసులో ఒక ఇంటిని నిలబెట్టే పనిలో పెట్టేశారు. అందరి కంచాలూ నింపింది, అందరూ తిన్నాక తింది. యాభై ఏళ్ళపాటు ఆ వంకర తన కర్మ అనుకుంది. కర్మ కాదు. తనకి అందనివి ఒక చెంచా నెయ్యి, కాస్త విశ్రాంతి. అంత చిన్నవి. నవ్వొచ్చింది, ఎందుకో గుండె కూడా తేలికపడింది.

చెప్పినట్టే వండింది. కొన్ని వారాలకి కట్టు విప్పారు. భవిత తన చేతిని మామ్మ చేతి పక్కన పెట్టి చూసుకుంది. చిన్న చెయ్యి గీత గీసినట్టు తిన్నగా ఉంది. అసిరమ్మ దాన్ని పట్టుకుని కాసేపు వదల్లేదు.

ఆ మధ్యాహ్నం మూడు కంచాలు పెట్టి తనూ కూర్చుంది. భవితకి ఒక చెంచా వేసింది. తన అన్నంలో ఒక చెంచా వేసుకుని, కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది. కమ్మగా ఉంది.

పైడిరాజు కంచం ముందుకు జరిపాడు. "ఏటే, నాకు?"

అసిరమ్మ తాపీగా నమిలి మింగి, గిన్నె ఆయన వైపు తోసింది.

"ఏసుకోండి. మీ సెయ్యి తిన్నగానే ఉంది గదా."