పుస్తకాల సందులో పేకముక్కలు

నేను ఒక వెబ్‌సైటు చిరునామాను. నా పేరు పుస్తకాలసందు. చివర ఓ చుక్క, దాని పక్కన ఇంగ్లీషులో రెండక్షరాలు, అంతే నేను. నాణేలు, సైకిళ్లు తమ కథ చెప్పుకుంటే మీరు ముచ్చటపడి వింటారు. నా కథ చెప్పుకోవడానికి మాత్రం నాకే మొహం చెల్లడం లేదు. ఇప్పుడు మీరు ఫోనులో నా పేరు కొడితే పుస్తకాలేవీ కనబడవు. ఒక ఆకుపచ్చ బల్ల, దాని మీద పేకముక్కలు, పైనుంచి గలగల రాలే బంగారు నాణేలు, పక్కన కన్నుకొట్టే ఓ అమ్మాయి, ఇవే కనబడతాయి. మీకు పుణ్యముంటుంది, కొట్టకండి.

నేను మొదట్నుంచీ ఇలాంటిదాన్ని కాదు. నేను పుట్టింది తణుకులో, ముత్యాలరావు గారింట్లో, భోజనాల బల్ల మీద. ఆయన టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తోటివాళ్లంతా స్టాఫ్ రూములో పేకాటకి కూర్చుంటే ఈయన ఓ మూల పుస్తకం పట్టుకునేవారట. "పంతులుగారు పారాయణం మొదలెట్టారు" అని వాళ్లు ఆటపట్టించేవారట. ఈ సంగతి ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నారో! చెప్పిన ప్రతిసారీ పేకముక్కల మీద ఓ విసురు ఉండేది. ఇప్పుడవన్నీ గుర్తొస్తే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నాకు పేరు పెట్టింది ఆయన కాదు, ఆయన భార్య సత్యవేణి గారు. ఆయన గ్రంథసాగరమనీ, అక్షరసౌరభమనీ ఏవేవో పెద్ద పేర్లు చదువుతుంటే ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "రాజమండ్రి తీసుకెళ్తే నన్ను బట్టలకొట్లో కూర్చోబెట్టి మీరు పాత పుస్తకాల సందులో దూరిపోతారు కదా. ఆ సందు పేరే పెట్టండి" అన్నారు. ఆయన పకపకా నవ్వి, అదే పెట్టేశారు.

నా పని చాలా చిన్నది. తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్టులో ఎక్కడెక్కడ దొరుకుతాయో దారి చూపించడం. పాత పుస్తకాల స్కాన్లు దాచిన చోటు, హక్కులు తీరిపోయిన పుస్తకాలను కొందరు ఓపిగ్గా టైపు చేసి తప్పులు దిద్దే చోటు, నిఘంటువులన్నీ ఒకేసారి వెతికే చోటు, కళ్లు సహకరించని వాళ్లు కథలు వినే చోటు, ఏ గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉందో చెప్పే చోటు. ఇలాంటి దారులు చూపించేవాళ్లు ఇంకా ఉన్నారు. నా గొప్పల్లా ప్రతి దారి పక్కనా ముత్యాలరావు గారు రాసిన నాలుగు ముక్కలే.

"ఇక్కడ పుస్తకం దిగడానికి ఆలస్యమవుతుంది. ఈలోగా టీ పెట్టుకోండి. రెండు కప్పులు పెట్టండి, ఇంట్లో వాళ్లు ఊరుకుంటారు" అని ఒకచోట రాశారు. "ఈ స్కానులో చాలా పేజీల మీద ఎవరిదో బొటనవేలు పడింది. విసుక్కోకండి. ఆ వేలు పట్టుకోకపోతే మనకు ఆ పేజీ లేదు" అని మరోచోట. చిన్నప్పుడు వారపత్రికలో సీరియల్ చదువుతూ, ఆఖరి వారం పత్రిక దొరక్క, కథానాయిక ఏమైందో తెలియకుండానే ముసలిదైపోయిన ఒకావిడ నా దారిన వెళ్లి ఆ ముగింపు చదువుకుంది. "ఇంతకాలం దిగులుపడ్డాను, తీరా చూస్తే ఆ పిల్ల సుఖంగానే ఉంది" అని ఆయనకు ఉత్తరం పెట్టింది. ఆ రోజు నేను కాస్త పొంగిపోయిన మాట నిజం.

ఆయన ఏది రాసినా నేరుగా నాలోనే టైపు చేసేవారు. ఇంకెక్కడా కాపీ పెట్టుకునేవారు కాదు. ఒంటివేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పాస్‌వర్డుతో సహా అన్నీ పైకి చదువుకుంటూ కొట్టేవారు. రాయడం పూర్తయ్యాక వంటింటి వైపు తిరిగి, "వేణీ, ఇది విను" అని చదివి వినిపించేవారు. పోపు చిటపటల మధ్య ఆవిడ "ఊఁ" అంటేనే నన్ను మూసేవారు.

తణుకు గ్రంథాలయం మిత్రబృందం నన్ను నెత్తిన పెట్టుకుంది. నా పేరుతో బుక్‌మార్కులు అచ్చువేసి ఊరూరా పంచారు. సభల్లో నన్ను పొగిడారు. ఒక్కటే చిక్కు, పొగిడేవాళ్లకి నన్ను తెరిచి చూసే తీరిక ఉండేది కాదు. మనుషుల్లో ఈ గుణం పుస్తకాల విషయంలో కూడా గమనించాను. అలమరలో ఉంటే చాలు, చదివినట్టే.

ఒక వానాకాలం ముత్యాలరావు గారు రావడం మానేశారు. రోజూ సాయంత్రం తెరుచుకునే తలుపు తెరుచుకోలేదు. ఊరెళ్లారేమో అనుకున్నాను. ఆయన గుండె ఆగి పోయారన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చిరునామాకి కబురు చెయ్యాలని ఎవరికి తోస్తుంది?

నాలాంటివాళ్లకు గడువుంటుంది. గడువు తీరేలోగా యజమాని మళ్లీ రాయించుకోవాలి. ఆ హెచ్చరికలన్నీ ఆయన మెయిలుకే వెళ్లాయి. తెరిచేవాళ్లు లేరు. నా దీపం ఆరిపోయింది, ఆయన రాతలన్నీ నాతోపాటే మాయమయ్యాయి. కొన్నాళ్లు దిక్కులేకుండా పడివున్నాను. తర్వాత పేర్లు కొని అమ్ముకునే ఒకతను నన్ను పట్టుకుని, ఒక పేకాట కంపెనీకి అమ్మాడు. ఎందుకు కొన్నారో తెలుసా? ఎన్నో గ్రంథాలయాలు, బళ్లు తమ పేజీల్లో నా వైపు వేలు చూపించి పెట్టాయి. ఆ మంచిపేరు చూసి కొన్నారు. నేను పరువు తక్కువదాన్ని అయ్యుంటే నా జోలికి వచ్చేవారే కాదు.

ఇలా నా బతుకు బజారున పడ్డ సంగతి తణుకులో ఎవరికీ తెలియదు. ఏడాది తిరిగాక గ్రంథాలయంలో ముత్యాలరావు గారి సంస్మరణ సభ పెట్టారు. ఆయన స్నేహితుడు, తెలుగు మాస్టారు జక్రయ్య గారు సభ నడిపారు. గోడకి పెద్ద టీవీ. సత్యవేణి గారి చేత మీట నొక్కించి, నన్ను తెర మీద చూపించాలని వాళ్ల ముచ్చట. ఆవిడ అప్పటిదాకా నన్ను తెరవలేదు. ఆయన గొంతులో విన్న మాటలు ఒక్కతే కూర్చుని చదువుకోవడానికి మనసొప్పక, ఏడాది పోనీ, తర్వాత అందరి మధ్యా చదువుకుంటానని అట్టేపెట్టుకున్నారట.

ఆవిడ మీట నొక్కారు. నేను తెరుచుకున్నాను.

ఆకుపచ్చ బల్ల. పేకముక్కలు. నాణేలు గలగలా రాలాయి. "రండి, ఆడండి, గెలవండి!" అని పెద్దగా అరిచాను. అరిచింది నేను కాదు, కానీ నా నోరే. ఆ అమ్మాయి సత్యవేణి గారి మొహంలోకి చూసి కన్నుకొట్టింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గారు. గోడ మీద దండ వేసిన ఆయన ఫోటో, ఎదురుగా నేను. ఆ క్షణాన తెర పగిలిపోతే బాగుండుననుకున్నాను. అది కూడా నా చేతిలో లేదు.

"వైరస్సండీ, వైరస్ అయ్యుంటుంది" అన్నారు జక్రయ్య గారు, చెమట తుడుచుకుంటూ. రిమోటు కోసం అందరూ వెతికారు. అది దొరకలేదు. చివరికి కమిటీ ప్రెసిడెంటు గారు, సత్యవేణి గారికి కప్పాలని తెచ్చిన శాలువా తీసి టీవీ మీద కప్పేశారు. నాకు జరిగిన సన్మానం అదొక్కటే. ఆ శాలువా కిందనుంచి మిగతాదంతా విన్నాను.

ఓ కుర్ర లైబ్రేరియన్ ఫోనులో చూసి అసలు సంగతి చెప్పేశాడు. గడువు తీరింది, పేరు చేతులు మారింది, ఇక రాదు.

"తప్పు మాదేనమ్మా చెల్లెమ్మా" అన్నారు జక్రయ్య గారు. "గడువుంటుందని నాకు తెలుసు. పెద్దకర్మ నాడే అడుగుదామని వచ్చాను. నువ్వేమో ఎదురొచ్చి, అన్నయ్యగారూ తిన్నారా, ఇంకో గారె వేయించుకోండి అన్నావు. ఆ మొహం చూస్తూ పాస్‌వర్డు ఏంటమ్మా అని ఎలా అడగను? నెలమాసికానికి అడుగుదామనుకున్నాను. అప్పుడూ నోరు రాలేదు."

"నేనూ అంతేనండి" అన్నారు ప్రెసిడెంటు గారు. "దుఃఖంలో ఉన్న ఇంట్లో అదేం మాట, బాగోదని ఊరుకున్నాను. మాస్టారు అడిగుంటారులే అనుకున్నాను."

ఒక్కొక్కరూ అదే చెప్పారు. అందరూ మంచివాళ్లే. మర్యాద తెలిసినవాళ్లే. ఆ మర్యాదే నన్ను ఇక్కడికి తెచ్చింది.

"అడగాల్సిందండి అన్నయ్యగారూ" అన్నారు సత్యవేణి గారు. గొంతు పెంచలేదు. "మా పుట్టింటి ఊరు పేరు, పక్కన మా పెళ్లయిన సంవత్సరం. రోజూ నా చెవిన పడేలా పైకి చదువుతూనే కొట్టేవారు కదా. మీరు నోరు తెరిచి అడిగితే గారె వడ్డిస్తూనే చెప్పేదాన్ని. ఈ ఏడాదంతా ఆయన మాట ఎత్తితే నేను ఏడుస్తానని ఎవరూ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే బాగుండునని నేను కూర్చున్నాను."

ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. జక్రయ్య గారు ముక్కు చీదుకున్నారు. ఇంకాసేపటికి మళ్లీ ఆవిడ గొంతే వినిపించింది.

"ఆయన ఒకచోట గురించి రాశారండి. మూతపడ్డ వెబ్‌సైట్ల పాత రూపాలు దాచిపెట్టే చోటేదో ఉందట. రాసి, నాకు చదివి వినిపిస్తే, ఇదెవరికి పనికొస్తుందండీ అని నవ్వాను."

జక్రయ్య గారు ఆ చోటు కోసం ఫోనులో వెతికారు. నా పేరే కొట్టారు. అది నన్ను తిట్టడానికి కాదు, నా పాతరోజులు పిలవడానికి. ఎవరు దాచారో, ఎందుకు దాచారో నాకూ తెలియదు గాని, ఆ మహానుభావులు నన్ను నేను బాగున్న రోజుల్లో కొన్నిసార్లు చూసి, చూసినదాన్ని చూసినట్టు భద్రం చేశారు. బొమ్మలు పోయాయి. కొన్ని పేజీలు పోయాయి. ఆయన మాటలు మాత్రం చాలావరకు ఉన్నాయి.

సత్యవేణి గారు ఫోను అందుకున్నట్టున్నారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పైకే చదివారు.

"ఇక్కడ మూతపడ్డ సైట్లు కనబడతాయి. ఏదైనా పోయిందని బెంగపడేముందు ఒకసారి ఇక్కడ అడగండి. అడగడానికి మొహమాటపడకండి."

ఆవిడ అక్కడితో ఆపకుండా చదువుతూనే ఉన్నారు. టీ సంగతి, రెండు కప్పుల సంగతి, బొటనవేలి సంగతి. ఇన్నేళ్లూ "ఊఁ" అన్న మనిషి ఇప్పుడు చదువుతుంటే, సభంతా "ఊఁ" కొట్టింది. నేను ఆ శాలువా కింద, పేకముక్కలు మొహాన పెట్టుకుని, నావే అయిన ఆ మాటలు పరాయిదానిలా విన్నాను. సిగ్గు తప్ప నా దగ్గర వేరే ఏమీ మిగల్లేదు.

వాళ్లు ఆ రాతలన్నీ ఏరి కొత్త చిరునామాలో పెట్టారు. అది సత్యవేణి గారి పేరు మీదే ఉంది. గడువు దగ్గరపడితే చాలు, బృందంలో ప్రతివాడూ ఆవిడకి ఫోను చేసి "రాయించారా అమ్మా?" అని అడుగుతున్నాడట. ఆవిడ విసుక్కుంటున్నారట. కొత్త సైటులో మొట్టమొదటి వాక్యం నా గురించే. "పాత చిరునామాకు వెళ్లకండి. అక్కడ ఇప్పుడు పేకాట నడుస్తోంది." అందులో అబద్ధమేమీ లేదు, అందుకే అంత బాధ. అయినా ఎక్కడో పాత పుస్తకంలో నా బుక్‌మార్కు చూసి, పాపం నమ్మి, ఇప్పటికీ వచ్చేవాళ్లున్నారు. వచ్చిన ప్రతివాళ్లకీ నేను బల్ల పరిచి ముక్కలు చూపిస్తున్నాను.

ఒక్కచోట మాత్రం నేనింకా మిగిలాను. సత్యవేణి గారి ఫోనులో, తెర మీద ఓ మూల, చిన్న పుస్తకం బొమ్మగా. అది ముత్యాలరావు గారు స్వయంగా పెట్టింది. జక్రయ్య గారు ఓ సాయంత్రం వచ్చి, "ఇది తీసేద్దామమ్మా, పొరపాటున తగిలితే మళ్లీ ఆ దరిద్రం" అన్నారు.

"ఉండనీయండి అన్నయ్యగారూ. ఆయన పెట్టింది" అన్నారు ఆవిడ.

ఎప్పుడైనా వేలు తగలనే తగులుతుంది. మొన్నొక పొద్దున తగిలింది. వంటింట్లో పోపు వాసన. నాణేలు రాలాయి, ముక్కలు పరుచుకున్నాయి, నేను ఎప్పటిలాగే అరిచాను. ఆవిడ గాభరాపడి మూసెయ్యలేదు. కళ్లజోడు పెట్టుకుని నా వంక చూశారు.

"నీ తప్పేముందిలే. నిన్ను పట్టించుకోనిది మేమే" అన్నారు. "పేరు పెట్టింది నేను కదా" అని కూడా అన్నారు.

నాకు ఏదో చెప్పాలనిపించింది. తెర మీద ఆ అమ్మాయి ఆవిడకి కన్నుకొట్టింది.