మెడ వాలిన రౌతు

ఎలాదియో సాంచిస్‌ని నేను ఈ జన్మకి క్షమించను. మా ఊరు ఆల్కోయ్‌లో చిన్న బొమ్మలకు రంగులేసేవాళ్ళ సంఘానికి వాడే పెద్ద. నిరుడు పోటీలో నా రౌతు బొమ్మను అందరి ముందూ పైకెత్తి, "కారు తలుపుకి మూతీ ముక్కూ పెట్టినట్టుంది" అన్నాడు. నవ్వనివాడు లేడు.

నేను చిన్నప్పుడే బడి మానేసి కార్లకు రంగు కొట్టి బతికినవాణ్ణి. ఆ షెడ్డు మూతబడ్డాక నాకు మిగిలింది సంఘం గదిలో కిటికీ పక్క బల్ల ఒక్కటే. రెండేళ్ళు వరసగా పతకం రానివాడు బల్ల ఖాళీ చెయ్యాలని వాళ్ళ రూలు. నాకిది రెండో ఏడు. బల్ల పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి?

ఈసారి తల, భుజాలు, ఛాతీ వరకే ఉన్న రౌతును తీసుకున్నాను. అరచేతిలో పడతాడు. తలమీద ఇనప గొలుసుల ముసుగు, పైన గుడ్డ చొక్కా. నూనె రంగులు పట్టుకోవడం నాకిదే మొదలు. ట్యూబులోంచి పిండిన రంగును అట్టముక్క మీద కాసేపు వదిలేస్తే ఎక్కువైన నూనెను అట్ట పీల్చేస్తుంది, బొమ్మ మొహం జిడ్డుగా మెరవదు. ఇక నూనె రంగు ఓ పట్టాన ఆరదు. సుఖమూ అదే, ఏడుపూ అదే. ఇవాళ బుగ్గ మీద పెట్టిన ఎరుపును రేపు కూడా పొడి కుంచెతో కణత దాకా లాక్కుపోవచ్చు.

పోటీ దగ్గర పడింది, బుగ్గలు ఆరలేదు. షెడ్డు బుద్ధి ఎక్కడికి పోతుంది? కార్ల రంగు ఆరబెట్టే వేడి దీపం ఒకటి ఇంట్లో ఉంటే దాని కింద పెట్టి, కాఫీ గింజలు నానేసిన సారా ఓ గుక్కేసి వచ్చాను. వచ్చేసరికి బొమ్మ పోసిన రెజిన్ ప్లాస్టిక్ మెత్తబడి, రౌతు తల ఎడమ భుజం మీదికి వాలిపోయి ఉంది. నిలబెట్టబోతే మెడ దగ్గర చిటుక్కుమంది. చెయ్యి తీసేశాను.

చెత్తబుట్టలో వెయ్యబోతుంటే నా భార్య రెమే లాక్కుంది. వెలుగులోకి తిప్పి చూసింది.

"పండగ ఊరేగింపు అయ్యాక నువ్వు అచ్చం ఇలాగే ఉంటావు."

"ఎలా?"

"మెడ ఓ పక్కకి, నోరు సగం తెరిచి. మీ దండువాళ్ళంతా అంతే. అంత ఇనుము మోసినోడికి మెడ నిలబడుద్దా?"

నిజమే. ఏప్రిల్ పండగకి మా ఊళ్ళో పాతకాలపు యుద్ధం వేషాలు కడతాం. మేం క్రైస్తవ దండులో ఇనుము తొడుక్కుని, భుజం భుజం కలిపి నడుస్తాం. మొదటి వీధిలో అందరూ రాజులే. చివరి వీధికొచ్చేసరికి ఒక్కడి తలా నిటారుగా ఉండదు.

తల వాలితే నీడలూ మారాలి. టర్పెంటైన్‌లో ముంచిన కుంచెతో ఎడమ బుగ్గ తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ బుగ్గను నీడలోకి తోశాను. గొలుసులు ఒరుసుకునే చెంప అంచున ఎరుపు, కళ్ళకింద కాస్త ఊదా, పై పెదవి మీద చెమట. ఇవి ఏ పుస్తకంలోనూ చూసి వెయ్యలేదు. నా మెడకు తెలుసు.

పోటీనాటికీ రంగు ఆరలేదు. తడి బొమ్మనే పెట్టెలో పెట్టి, రెమేని తుమ్మొద్దని బతిమాలుకుంటూ బస్సులో తీసుకెళ్ళాను.

ఎలాదియో ఇంకో ఇద్దరు జడ్జీలతో వచ్చి నా బొమ్మ దగ్గర వంగాడు.

"మెడ విరిగిందేం, బౌతిస్తా? మీ షెడ్డులో సొట్ట తీయించకపోయావా?"

అందరూ నవ్వారు. ఈసారి నేనూరుకోలేదు.

"కిందటి ఏప్రిల్‌లో, చివరి వీధిలో, నీ తల ఎక్కడుందో గుర్తుందా? నా భుజం మీద."

వాడు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. చెంప ఎరుపు బాగా కుదిరిందని పక్కవాళ్ళతో అన్నాడు, నాతో కాదు.

కంచు పతకం ఇచ్చారు. చేతిలో పెడుతూ ఎలాదియో, "మంగళవారం నుంచి నీ బల్ల పక్క కిటికీ తెరిచి కూర్చో, ఆ టర్పెంటైన్ కంపు భరించలేం" అన్నాడు. అంటే బల్ల నాదే. అయినా వాణ్ణి క్షమించను.

బయటికొస్తుంటే ముర్సియా నుంచి వచ్చిన పళ్ళ డాక్టరొకడు బొమ్మ కొంటానని వెంటపడ్డాడు. రెమే మోచేత్తో పొడుస్తూనే ఉంది. ఇంకా తడి ఆరలేదన్నాను. ఆరాకే ఇవ్వమన్నాడు. ఇది ఆరే రకం కాదని చెప్పి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

అలా చేతులారా పోగొట్టుకున్నది మూడువందల నలభై యూరోలు.