చేత్తో నొక్కిన గేజి

ఆ మిషను షాపులో ఆవిడ పేరు ఎవరూ పలకరు. మేనేజర్ దగ్గర్నుంచి ఊడ్చే ముసలాయన దాకా అందరికీ గేజక్కే. డ్రిల్లు వేసిన ప్రతి ముక్కా ఆవిడ బల్ల మీదికి రావాల్సిందే. గేజి అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక ఇనప పలక, దానికి గుండ్రంగా ఎనిమిది పిన్నులు. ముక్కకున్న ఎనిమిది బోల్టు బెజ్జాల మీద ఆ పిన్నులు ఆనించి చేతులు తీసేయాలి. తన బరువుకి తనే దిగితే పాస్, దిగకపోతే తుక్కు. చేత్తో మాత్రం నొక్కకూడదు. ఉన్నదల్లా ఆ ఒక్క నియమం!

ఇన్నేళ్ళలో ఆవిడ దాన్ని ఒక్కసారీ తప్పలేదు. మొగుడు అదే షాపులో ఫిట్టరు, అందరూ మేస్త్రీ అంటారు. "మా ఆవిడ గేజి పట్టుకుందంటే మొగుడూ లేడు, గిగుడూ లేడు" అని ఆయన పదిమందిలో నవ్వేవాడు. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉండేది.

ఆవిడ మెత్తబడేదల్లా తమ్ముడి దగ్గరే. "నా తమ్ముడు, నాదే పూచీ" అని ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి డ్రిల్లు మిషను మీద పెట్టించింది. వాడికి పని వచ్చు, ఓపిక లేదు. బెజ్జాలన్నీ నడిమధ్య కేంద్రం నుంచి కొలిచి గుర్తు పెట్టాలి. వాడు తొందర కొద్దీ పక్కదాన్నుంచి పక్కదానికి కొలుచుకుంటూ పోయేవాడు. అలా పోతే ఒక్కోచోట వెంట్రుకవాసి తేడా వస్తుంది, కంటికి ఆనదు. చుట్టూ తిరిగి ఎనిమిదోదానికి వచ్చేసరికి అవన్నీ పోగై కూర్చుంటాయి. అప్పటికే రెండుసార్లు వాడి పని తుక్కులోకి పోయింది. ఇంకొక్కసారి పోతే గేటు బయటే ఉండిపొమ్మన్నాడు ఫోర్‌మన్.

ఆ రోజు వాడు పట్టుకొచ్చినవి పొడి కలిపే పెద్ద డ్రమ్ము మూతలు. ఒకటి బిగించడానికి, ఒకటి స్టోర్సులో ఉంచడానికి. గేజి పెట్టి చూస్తే ఎనిమిదో పిన్ను బెజ్జం అంచు మీద ఆగింది. పలక ఒక పక్కకి ఎత్తుగా నిలబడిపోయింది.

"అక్కా, వెర్నియర్ పెట్టి ఒక్కో బెజ్జం కొలిచి చూడు. దేనికది కరెక్టే" అన్నాడు తమ్ముడు.

"దేనికది కరెక్టైతే చాలదురా. అన్నీ కలిసి దిగాలి."

"ఈసారి గెంటేస్తారక్కా. ఎక్కడికి పోనే నేను?"

వాడి కళ్ళలో నీళ్ళు చూసింది. అటూ ఇటూ చూసింది. అరచెయ్యి పలక మీద పెట్టి ఒంటి బరువంతా వేసి నొక్కింది. టక్కున దిగింది. రెండోదానికీ అంతే చేసి, రెండు మూతల మీదా పాస్ ముద్ర కొట్టేసింది.

మర్నాడు సాయంత్రం కంచం ముందు కూర్చుని మేస్త్రీ బావమరిదిని ఆటపట్టించాడు. "నీ మూత అచ్చం నీలాగే ఉందిరా, చెప్పిన మాట వినదు! ఏడు బోల్టులు చేత్తో దిగాయి. ఎనిమిదోది భీష్మించుకు కూర్చుంది. సుత్తితో నాలుగు తగిలిస్తే అప్పుడు దారికొచ్చింది."

"మూతలో ఏమైనా తేడా ఉందేమో చూడకపోయారా?" అంది గేజక్క.

"చూసేదేముంది? నీ ముద్ర ఉందిగా. బెజ్జంలో దుమ్ము పట్టిందనుకున్నా."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. తమ్ముడు కంచంలోంచి తలెత్తలేదు. మూత విప్పించండి, ఆ ఒక్క మాట అంటే చాలు. అంటే తమ్ముడి ఉద్యోగం గాల్లో కలుస్తుంది. పొద్దున చెబుదాంలే అనుకుంది. పొద్దున ఆవిడ లేచేసరికి మేస్త్రీ ఆ డ్రమ్ము తిప్పి చూసే పని మీద తొలి షిఫ్టుకే వెళ్ళిపోయాడు.

డ్రమ్ము తిప్పి చూసేటప్పుడు ఫిట్టరు పక్కనే నిలబడి చప్పుడు వినాలి. ఆయన అలాగే నిలబడ్డాడు. వంకరగా దిగగొట్టిన బోల్టు ముందు తెగింది. ఆ భారం పక్కవాటి మీద పడి అవీ తెగాయి. మూత ఎగిరొచ్చి ఆయన ఛాతీకి తగిలింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం ఆగలేదు. అయ్యో, ఎంత మంచి మనిషి!

శవం ఇల్లు దాటకముందే షాపులో మాట పుట్టేసింది: సుత్తితో కొట్టాడు, తన చావు తనే తెచ్చుకున్నాడు. ఆ మాట అత్తగారి చెవినా పడింది. "నా కొడుకు చేతిపనికి వంక పెడుతున్నారటే. నువ్వు అక్కడే ఉంటావుగా, నిజమేనా తల్లీ?" అని అడిగింది ముసలామె.

ఎవరిది తప్పో తేల్చడానికి మేనేజర్ స్టోర్సులోని రెండో మూత తెప్పించాడు. గేజి దిగితే తప్పు ఫిట్టరుది, దిగకపోతే డ్రిల్లుది. గేజక్కకి కబురొచ్చింది. గేటు దగ్గర తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, బావ ఎలాగూ తిరిగి రాడు. నేనింకా బతకాలి కదే."

ఆవిడ వాడి మొహంలోకి చూసింది. చిన్నప్పటి నుంచీ తను తుడిచిన మొహం అది. చెయ్యి విడిపించుకుని లోపలికి నడిచింది.

బల్ల చుట్టూ అందరూ మూగారు. గేజి ఎత్తి మూత మీద పెట్టింది. చేతులు రెండూ తీసి కొంగు పట్టుకుని నిలబడింది. పలక ఒక పక్కకి ఎత్తుగా ఆగిపోయింది.

ఫోర్‌మన్‌కి పాపం జాలేసింది. ఆ ముద్ర ఎవరిదో ఆయనకి తెలుసు. "కాస్త నొక్కి చూడక్కా, దిగుతుందేమో" అన్నాడు మెల్లిగా.

"ఆ రోజు నొక్కాను సార్. దిగింది" అంది గేజక్క. "ఆయనే పోయారు."

తమ్ముడు గోడకి చేరబడి అలాగే కిందికి జారిపోయాడు. ఆవిడ అటు తిరగలేదు. "మా ఆయన చేతిపనిలో తప్పు లేదని రాయండి సార్. మా అత్తగారికి చూపించాలి" అంది.